ఆఖరి బాక్సులో పిట్ట లేదు

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కోదాడలో, పని చేసే ప్రెస్సులో, ఎవరిదో పెళ్లికార్డు ప్రూఫు దిద్దుతున్నాను. ఫోన్‌లో మా అక్క ఏడవలేదు. "తమ్మీ, ఇగ రా" అంది, అంతే. రెండేళ్లుగా ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ఏదో ఒక పని ఉండేది. "ఇయ్యాల బీపీ పడిపోయింది, జర డాక్టర్‌కు ఫోన్ చెయ్యి" అనో, "రక్తం గావాల్నట, ఎవలన్న ఇస్తరా సూడు" అనో. ఈసారి పనేమీ చెప్పలేదు. దాంతోనే అర్థమైంది. చేతిలో ఎర్రపెన్ను అలాగే పట్టుకొని సూర్యాపేట బస్సెక్కాను. దిగాక చూసుకుంటే చొక్కా జేబు కింద ఎర్రటి మరక. బావ ఉంటే దాన్ని వదిలిపెట్టేవాడా? అప్పటికప్పుడు బొమ్మ గీసి, కింద "కత్తిపోటు తిన్న బామ్మర్ది" అని రాసేవాడు.

ఈ పుస్తకం మీ చేతికి వచ్చింది కాబట్టి మీకు చెప్పుకోవాలి. ఇది "పిట్ట ముట్టనోడు" మొదటి సంచిక. సూపర్‌హీరో బొమ్మల కథ. నవ్వుకోండి, నవ్వడానికే గీశాడు. కానీ చదివాక మీకు రెండు అనుమానాలు వస్తాయి. సగం నుంచి గీతలు వంకరెందుకు పోయాయి? ఆఖరి బాక్సులో ఊరంతా చేతులు జోడించి ఆకాశంలోకి చూస్తుంటే పిట్టేది? మా ప్రెస్సు ఓనరుకూ అదే అనుమానం వచ్చింది. "ఏవండీ, ఇక్కడ కాకి వెయ్యడం మర్చిపోయినట్టున్నారు. నెట్‌లో బోలెడు కాకులుంటాయి, ఒకటి పెట్టేద్దామండీ" అన్నాడు. పాపం మంచికే చెప్పాడు. నేను మాత్రం "దాన్ని ముట్టుకోకండి" అని అంత ఎత్తున లేచాను. ఆయన బిత్తరపోయాడు. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెప్తున్నాను.

మా బావది సూర్యాపేటలో ఫ్లెక్సీ షాపు. అంతకుముందు గోడల మీద రాసేవాడు. ఎరువుల ప్రకటనలు, సిమెంటు బస్తాలు, ఎలక్షన్ గుర్తులు, బడిగోడల మీద బొమ్మలు. ఫ్లెక్సీలు వచ్చి బ్రష్షును మింగేశాక ఏడుస్తూ కూర్చోలేదు, కంప్యూటర్ నేర్చుకొని ఆ ఫ్లెక్సీలే తయారుచేయడం మొదలుపెట్టాడు. ఎక్కువ గిరాకీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకే. చివ్వెంల నుంచి, తిరుమలగిరి నుంచి జనం పోయినవాళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపేవాళ్లు. ఆధార్ కార్డు మీదిదో, ఏ పెళ్లిలోనో బంతిలో కూర్చొని తింటుండగా తీసిందో. "అన్నా, జర కోటు ఎయ్యవే" అని బతిమిలాడేవాళ్లు. బతికినంత కాలం బనీను మీద తువ్వాలతో తిరిగిన మనిషికి మా బావ నల్లకోటు, ఎర్ర టై తొడిగి పంపేవాడు.

"ఫ్లెక్సీ మీద చెడ్డోడు ఎవ్వడుండడు బామ్మర్దీ" అనేవాడు. "మన ఊర్ల సచ్చినోళ్లంత మంచోళ్లే. బతికినోళ్లతోటే పరేషాన్."

ఇంకోమాట కూడా అనేవాడు. "కోటు ఛాతీ దాకనే రా. కింద లుంగీ ఎవ్వలకు కనవడది."

మా హీరో వేషం అక్కడి నుంచే వచ్చింది. పైన కోటు, టై. కింద గళ్ల లుంగీ. వెనకాల గొంగడి. సూపర్‌హీరో అన్నాక వీపు మీద ఏదో ఒకటి వేలాడాలి కదా, మా బావకు తెలిసింది గొంగడే. వాళ్లది చివ్వెంల దగ్గర పల్లె, తరతరాలుగా గొర్లు కాచుకునే ఇల్లు. మా హీరో గొంగడి గాలికి రెపరెపలాడదు. బరువుకి ఆయన్నే వెనక్కి లాగుతుంది.

కథ పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఎవరో పెద్దాయన పోతే మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. మీకు తెలిసిందే. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ఆ రోజు మేం దాన్ని కాకి అనం, పిట్ట అంటాం. ముట్టిందంటే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే కోరిక ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు, నీ పొలం అమ్ముకోబోమనో, నీ పిల్లల్ని చూసుకుంటామనో. ఏ మాటకు పిట్ట దిగితే అదే ఆయన కోరిక. అంతదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. పిట్ట జాడ లేదు. వెనక డేగిసాలో మటన్ ఘుమఘుమలాడుతోంది. చుట్టాల మొహాలు వాడిపోయాయి. చివరికి ఒకాయన ఆగలేక, "ఓ పెద్దమనిషీ, నీకేం గావాల్నో జెప్పి సావరాదు!" అన్నాడు.

చచ్చినవాణ్ణి చావమన్నాడని మా బావకు నవ్వు ముంచుకొచ్చింది. పక్కనున్న ఎవరిదో గొంగట్లో మొహం దాచుకొని గజగజ వణికిపోయాడు. ఏడుస్తున్నాడనుకొని పక్కవాళ్లు వీపు నిమిరారు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద అడిగాడు. "పిట్ట ముట్టకపోతే ఆ మనిషేం గావాలెరా? ఎటూ పోలేడు. ఒక్కపారి సచ్చిండు గనక మళ్ల సావు లేదు. గాడు సూపర్‌హీరోనే గదా?"

అదీ మన కథ. లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ కరెంటు తీగ తగిలి చనిపోయిన ఒకడు, మూడో రోజు పిట్ట ముట్టకపోయేసరికి లేచి కూర్చుంటాడు. కోరికేంటో వాడికే గుర్తులేదు. మటన్ పాడయ్యేలోపు కనుక్కోవాలి. ఎగరడం రాదు, పల్లె బస్సెక్కి పోతాడు. హైవే మీద లారీకి అడ్డంపడి స్కూటీ మీది వాళ్లను కాపాడతాడు. లారీ తన మీది నుంచి పోయాక లేచి గొంగడి దులుపుకుంటాడు. మిర్యాలగూడ మిల్లులో కూలుతున్న వడ్ల బస్తాలను వీపుతో ఆపుతాడు. కోదాడలో దొంగను పట్టుకుంటే ఆ దొంగ వీణ్ణి చూసి గుండె ఆగి చస్తాడు. ఆ దొంగకు మాత్రం పిట్ట టక్కున ముడుతుంది! ప్రతి మంచిపని తర్వాత మన వాడు పరుగున వచ్చి తన ఆకు చూసుకుంటాడు. అట్లాగే ఉంటుంది. ఊరు ఆకలికి సొమ్మసిల్లుతుంటుంది.

బొమ్మలు ఆయనవి, మాటలు నావి. నేను కోదాడ నుంచి టైపు చేసి పంపితే, "నీ భాష ఖరాబైందిరా. చివ్వెంలోడు ఎవడన్న 'ఏంటండీ' అంటడా?" అని కొట్టేసేవాడు. నేను మళ్లీ రాసేవాణ్ణి. బతుకులో నాకు పెళ్లికార్డుల మీద పేర్లు కాకుండా రాసే పని ఇచ్చింది ఆయనొక్కడే.

మా బావది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడని వాళ్లమ్మ ఆ చేతిని గొంగడి పోగుతో నడుముకు కట్టేసి కూర్చోబెట్టేదట, విప్పుకుంటే కొట్టేదట. తినడం మెల్లగా కుడిచేతికి వచ్చింది. బొమ్మ మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయింది. పెద్దయ్యాక కూడా ఎవరైనా ఆయన చేతి సంగతి ఎత్తితే చాలు, "అన్నం మాత్రం కుడిచేత్తోనే" అని ముందే చెప్పేవాడు. దెబ్బలు తిన్న పిల్లవాడి జవాబు అది. నోటికి అట్లా అంటుకుపోయింది.

ఆ జవాబే మా కొంప ముంచింది. కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలాక డయాలసిస్ తప్పదన్నారు. దానికి ముందు చేతికి ఒక చిన్న ఆపరేషన్. సూదులు గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. ఎక్కువ వాడని చేతికి చేస్తారు. మిర్యాలగూడలో ఒక దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ మంచిమనిషి, మనవాళ్లకు అర్థమయ్యేటట్టు అడిగింది. "తినేది ఏ చేత్తో?" మా బావ టక్కున "కుడిచేత్తోనే మేడమ్" అన్నాడు. అక్క పక్కనే ఉంది, ఆమెకూ తట్టలేదు. అన్నం తినే చేయి వేరు, అన్నం పెట్టే చేయి వేరు అయిన మనిషి ఒకడుంటాడని ఆ డాక్టరమ్మకు ఎట్లా తెలుస్తుంది? కుట్లు ఎడమచేతికి పడ్డాయి.

బయటికి వచ్చాక కట్టు చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"మా అమ్మ గెలిసిందిరా బామ్మర్దీ. గప్పుడు పోగుతోటి కట్టింది, గిప్పుడు దారంతోటి కుట్టిపిచ్చింది."

అక్క మెట్ల మీదే కూలబడింది. "అయ్యో, నా నోటికేమైంది, నేనన్న జెప్పకపోతి" అని తల బాదుకుంది. నాకైతే ఎదురుగా ఉన్న గోడకు తల కొట్టుకోవాలనిపించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదీ.

తిరిగొస్తూ సాగర్ కాలువ దగ్గర ఆగాం. నీళ్లు వదిలిన రోజులు, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. అప్పటికే ఆయనకు నీళ్లు కొలిచి ఇస్తున్నారు. కిడ్నీలు పనిచేయని మనిషి తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తులకు ఎక్కుతాయి. మొహం కడుక్కుంటానని మెట్లు దిగాడు. కుడిచేత్తో నీళ్లు తీసుకొని నోట్లో పోసుకొని పుక్కిలించాడు. మా అక్క ఆయన మొహం చూడలేదు, గొంతు చూసింది. గుటక పడుతుందేమోనని. ఆయన అది గమనించి, ఆమె వైపు తిరిగి, ఆమెకు కనబడేటట్టు ఊసేశాడు. ముగ్గురం నవ్వాం.

ఇంట్లో కొలత ఒక చిన్న స్టీలు గ్లాసు. కాపలా మా అక్క. బిందెలకు తాళాలేం వేయలేదు. ఆయన ఎదురుగా తాను తాగడం మానేసింది, అంతే. దాహమైతే పక్కింటికి పోయి తాగి, మూతి తుడుచుకొని వచ్చేది. ఎండాకాలంలో సూర్యాపేట మధ్యాహ్నాలు మీకు తెలుసు. పెదాలు నాకుకుంటూ "ఒక్క గుక్కెడు" అని అడిగేవాడు. "లేదు" అనేది. "నువ్వు మనిషివి గాదే, డ్యామ్ గేటువి" అనేవాడు. నవ్వేది గానీ గేటు ఎత్తేది కాదు.

ఒకసారి షాపులో దొంగతనంగా బాటిలంతా తాగాడు. సాయంత్రానికి ఊపిరాడలేదు. పెదాలు నీలంగా మారిపోయాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే అక్క ఆయన ఛాతీ రుద్దుతూ, ఏడుస్తూ, దారి పొడుగునా తిడుతూనే ఉంది. "తాగుతవా? ఇంకోపారి తాగుతవా? నన్ను సంపి తాగు!" ఆయన మాట్లాడలేక రెండు చేతులూ జోడించాడు. ఆ తర్వాత దొంగతనంగా ఎప్పుడూ తాగలేదు.

కొన్ని నెలలకు ఎడమచేయి చల్లబడటం మొదలైంది. కుట్టిన చోటికి రక్తం ఎక్కువ పోయి వేళ్లకు చాలడం లేదన్నారు. పెన్సిల్ ఎప్పుడు జారిందో ఆయనకే తెలిసేది కాదు. అప్పటికి కథలో హీరో చచ్చేదాకా గీశాడు. డయాలసిస్ మంచం మీద, ఎడమచేయి మిషన్‌కు అప్పగించి, కుడిచేత్తో ప్యాడ్ మీద ప్రయత్నించాడు. తలకాయ గీయబోతే గుడ్డు వచ్చింది. ఆ కాయితం నలిపేసి, "గీ చెయ్యికి బువ్వ కలుపుడొక్కటే వస్తది" అని గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఈసారి అది నవ్వు కాదు.

నోటికి వచ్చింది అనేశాను. "హీరో గూడ సచ్చి లేసినోడే గదా బావా, జర వంకరుంటే ఏమైతది?"

ఇటు తిరిగాడు. కళ్లు తడిగానే ఉన్నాయి. "అరే అవునురా. సచ్చినంక గీత మారాలె. ఇంకో కాయితం ఇయ్యి."

అదీ మీ మొదటి అనుమానానికి జవాబు. హీరో బతికున్న పేజీలు ఎడమచేతివి. లేచి కూర్చున్న దగ్గర నుంచి ప్రతి గీతా, అమ్మ కొట్టి నేర్పిన ఆ అన్నం చేతిది. ఆ గీతలు నాకు మరీ ఇష్టం. వాటిలో భయం ఉంది, అయినా ఆగలేదు.

ఆ పేజీల్లో ఇంకొకటి ఉంది. ప్రతిదాంట్లో ఏదో ఒక మూల నీళ్లుంటాయి. కారుతున్న నల్లా, పొంగిపొర్లే ట్యాంకరు, పొలంలో బోరు ధార, బస్టాండులో బాటిలెత్తి గటగటా తాగుతున్న ఎవడో మనిషి. "మన సూర్యాపేటల గిన్ని నీళ్లు యాడియి బావా?" అని ఎగతాళి చేశాను. "బొమ్మల గూడ గ్లాసుతోటి కొలవాల్నారా?" అన్నాడు. అదీ నవ్వులో కలిసిపోయింది.

ఇగ ఆఖరి పేజీ. హీరో కోరికేంటో తేలాలి, పిట్ట దిగాలి, ఊరు అన్నం తినాలి. "కోరిక నువ్వు రాయి, పిట్టను నేను గీస్త" అన్నాడు. రాశాను. లీడరు మీద పగ తీర్చుకోవాలని రాశాను. కాదన్నాడు. బిడ్డ పెళ్లి చూడాలని రాశాను. కాదు. ఇల్లు కట్టాలని, పదిమందిలో పేరు రావాలని. కాదు, కాదు. మనిషేమో రోజురోజుకూ కరిగిపోతున్నాడు. మిషన్ మీది నుంచి దిగితే రెండడుగులు వేయలేకపోతున్నాడు. పుస్తకం చూడకుండా పోతాడేమోనని నా భయం. బస్సులో కూర్చున్నా, అన్నం దగ్గర కూర్చున్నా అదే ఆలోచన. ఏంటి వాడి కోరిక? ఏం రాస్తే ఈయన పిట్ట గీస్తాడు? ఒకరోజు మంచం పక్కనే నిలబడి అరిచేశాను.

"మరేంది బావా? నువ్వే జెప్పరాదు! నా పాణం దీస్తున్నవ్!"

ఆయన మెల్లగా అన్నాడు. "నువ్వు రాసినయన్నీ మిగిలినోళ్ల కోరికలురా. సచ్చినోనిది ఒక్కటి గూడ లేదు."

"సచ్చినోనిదేంది మరి?"

నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మా అక్క లోపలికి వచ్చింది, చేతిలో ఆ స్టీలు గ్లాసు. అడుగున ఇంచుమించు తడి మాత్రమే ఉంది. ఆయన ఆమెను చూశాడు. నోరు మూసుకున్నాడు.

"ఏం లేదు తియ్యి. తర్వాత జెప్త."

చెప్పలేదు. ఆ వారంలోనే ఆఖరి బాక్సు గీశాడు. ఆకు, మనుషులు, జోడించిన చేతులు. పిట్ట జాగా మాత్రం వదిలిపెట్టాడు. మిషన్ లేని రోజు పొద్దున, ఇంట్లో, కుర్చీలో కూర్చొని పేపర్ చూస్తున్నాడట. అక్క ఎప్పట్లాగే పక్కింటికి పోయి నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చింది. అంతలోనే ఆయన లేడు.

అప్పటి నుంచి ఆమె గొంతులో చుక్క దిగలేదు. ఎవరు గ్లాసు పట్టుకొచ్చినా దాని వైపు చూసి మొహం తిప్పుకుంది. "నేను తాగవోయిన యాల్లకే పాయె" అని ఒక్కటే మాట. నాలుక పిడచగట్టి మాట కూడా సరిగా రావడం లేదు. నేను బతిమిలాడాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. ఆయన పోయిన బాధ ఒకటి, ఈమె కూడా పోతుందేమోనన్న భయం ఇంకొకటి.

మూడో రోజు వాళ్ల ఊళ్లో, చేను గట్టున బండ మీద పిట్టకు పెట్టాం. రెండేళ్లు ఆయన్ను తిననివ్వనివన్నీ ఆ ఆకులో ఉన్నాయి. మటన్, ఉప్పు దండిగా పడ్డ మామిడికాయ తొక్కు, అరటిపండ్లు, పక్కన కల్లు సీసా, కొబ్బరిబోండాం. వెనక రెండు కర్రలకు ఆయన ఫ్లెక్సీ కట్టారు. "మీకు ఇడిసిపెడితే అక్షరం తప్పు వెడతరు" అని తనది తానే తయారుచేసుకొని కంప్యూటర్లో పెట్టుకున్నాడు. కోటు, టై ఉన్నాయి. కానీ ఈ ఫొటో ఛాతీ దగ్గర ఆగలేదు. కింద లుంగీ కూడా ఉంది. కొత్తగా చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఎండ. పిట్ట లేదు. ముందుగా ఆయన పాలివాళ్లు, బడికి పోయే మా మేనకోడలి చెయ్యి పట్టుకొని వచ్చారు. "నీ బిడ్డను మేం సదివిపిస్తం, ముట్టు." రాలేదు. "షాపు మూసెయ్యం, నడిపిస్తం." రాలేదు. వాళ్లమ్మ, అంటే మా అత్తమ్మ, కర్ర పట్టుకొని వంగి వంగి బండ దాకా వచ్చింది. "కొడుకా, నీ చెయ్యి కట్టేసిన్నని కోపమా? నాకేం ఎరుక నాయినా. ఇగ కట్టెయ్య. ఏ చేత్తోనన్న తినుపో" అని బండకు నెత్తి ఆనించి ఏడ్చింది. ఆమెను లేపడం ఎవరివల్లా కాలేదు. పిట్ట మాత్రం రాలేదు.

అందరూ నా వైపు చూశారు. నాకు నమ్మకం ఉంది. కోరిక ఇదే అయి ఉండాలి. ముందుకు పోయి చెప్పాను. "బావా, పుస్తకం అచ్చేస్త. అక్షరం తప్పు పోనియ్య. నా మీద ఒట్టు."

ఆకాశం ఖాళీ. వెనక డేగిసాలో మటన్ వాసన. ఎవరిదో కడుపులో పేగులు అరిచిన చప్పుడు కూడా వినబడింది. అందరం చేతులు జోడించి పైకి చూస్తున్నాం. ఆయన గీసిన బాక్సులోకి మేమే వచ్చి నిలబడ్డామని అప్పుడు అర్థమైంది. గొంగట్లో వణికిపోయిన బావ గుర్తొచ్చాడు. నాకు నవ్వు రాలేదు. నేను రాసి పంపిన కోరికల్లాగే ఇది కూడా మిగిలినవాడి కోరికే. బావా, ఇప్పుడైనా చెప్పరాదు, ఏం కావాలి నీకు, అని లోపల కేకలు పెడుతున్నాను.

అప్పుడు మా అక్క లేచింది. వంటవాళ్లు తెచ్చిన నీళ్ల బిందె చంకనెత్తుకొని వచ్చింది. నేను బిందె అందుకోబోతే, "జరుగు" అంది. బండ మీద చెంబు పెట్టి నిండా పోసింది. పొర్లిపోయినా ఆపలేదు. బిందె మొత్తం బండ మీద వంచేసింది. నీళ్లు ఆకు చుట్టూ పారి, బండ గుంటలో నిలిచాయి.

"తాగు" అంది. "ఇగ కొలత లేదు. ఎంత తాగుతవో తాగు. గేటు ఎత్తిన."

ఎక్కడి నుంచి వచ్చిందో నేను చూడలేదు. రెక్కల చప్పుడు వినబడింది. మటన్ వైపు చూడలేదు, పండ్ల వైపు చూడలేదు. గుంటలో దిగి, ముక్కు ముంచి, తల పైకెత్తింది. మళ్లీ ముంచింది. మళ్లీ ఎత్తింది. గొంతు కదలడం ఇంత దూరానికి కనబడింది.

వెనక గొణుగుడు మొదలైంది. "నీళ్లు ముడితే ముట్టినట్టేనా?" "బువ్వ ముట్టలే గదా?" ఒక పెద్దాయన తేల్చేశాడు. "ముట్టినట్టే. వడ్డియ్యుండ్రి." జనం ఆకుల కోసం కదిలారు. మా బావ ఉంటే ఈ ముక్క తప్పకుండా పుస్తకంలో పెట్టించేవాడు.

ఆఖరి బాక్సులో ఆకు పక్కన ఒక చెంబు ఉంది, చూశారా? బోర్లించి ఉంది. నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ పట్టించుకోలేదు. ఆయన కోరిక ఆయనకు తెలుసు. చెబితే నేను రాస్తాను, రాస్తే అచ్చవుతుంది, అచ్చయితే మా అక్క చదువుతుంది. ఆయన్ను బతికించడానికి గ్లాసు పట్టుకొని నిలబడ్డ మనిషి. ఆమె ముందు ఆ మాట అనలేక, నాతో రాయించలేక, ఒక్కో పేజీలో ఒక్కో మూల గీసుకుంటూ పోయాడు.

అక్క నా పక్కకు వచ్చి నిలబడింది. నా మనసులో ఏముందో ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

"రాయి తమ్మీ. నేనే తాగనియ్యలేదని రాయి." చేతిలోని ఖాళీ బిందె కింద పెట్టింది. "బతకాలని తాగనియ్యలేదని గూడ రాయి."

రాశానక్కా. ఆ బాక్సు ఆయన వదిలిపెట్టినట్టే ఉంచాను. పిట్టను గీస్తానన్నది ఆయన, ఇంకెవరూ గీయకూడదు.

పిట్ట లేచిపోయాక బండ మీద దాని కాళ్ల తడి ముద్రలు కొన్ని మిగిలాయి. ఎండకు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. తెచ్చి అక్క చేతికిచ్చాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. రెండు చేతులతో పట్టుకొని, ఫ్లెక్సీ మీది ఆయన వైపు చూస్తూ, ఆయన ఎదురుగానే, చెంబు పైకెత్తింది. నేను ఆమె మొహం చూడలేదు. గుటక పడుతుందా అని గొంతే చూస్తూ నిలబడ్డాను.

పడింది.